లోపల వదిలిన గుడ్డ

ఇందులో ఏది ముందో ఏది తర్వాతో నేను కాస్త అటూ ఇటూ చేసినా చెయ్యవచ్చు. జరిగినవి మాత్రం అన్నీ జరిగినవే.

టైలరమ్మ పొద్దున్నే వీధి తలుపు తీసి, మిషను మీద కప్పిన గుడ్డ తీసి, రెండు చుక్కల నూనె వేసేది. ముందు గదే ఆమె కొట్టు. వెనక గది పడకకి, దాని వెనక వంటిల్లు. కొట్టులో ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక ఇనప కడ్డీ, దానికి వరసగా హాంగర్ల మీద చొక్కాలు, కోట్లు, గౌన్లు. నూనె వేశాక ఆమె కడ్డీ పొడుగునా ఒకసారి నడిచి, అన్నీ ఊపిరి తీసుకుంటున్నాయో లేదో చూసుకుని పనిలో కూర్చునేది.

ఆమె కుట్టిన బట్టలు ఊపిరి తీసుకుంటాయి. ఎవరి కొలతకి కుడితే వాళ్ళ ఊపిరి. రొమ్ము దగ్గర గుడ్డ కాస్త లేస్తుంది, మళ్ళీ దిగుతుంది. ఆ వీధిలో అది అందరికీ తెలిసిందే కనక దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. భర్తలు దూరాన పనిచేసే ఆడవాళ్ళు కొందరు ఒక చొక్కా అక్కడే వదిలిపెట్టారు. కూరల సంచితో వెళ్తూ వెళ్తూ గుమ్మంలోంచి తొంగి చూసి, "ఆఫీసు వేళ ఇంత తీరిగ్గా ఊపిరి తీస్తున్నాడంటే కుర్చీలో కునుకు తీస్తున్నట్టే" అని విసుక్కుని, నిశ్చింతగా పోయేవాళ్ళు. ఏదైనా చొక్కా పూర్తిగా ఆగిపోతే టైలరమ్మ దాని బొత్తాలు కోసి, కాగితంలో పొట్లం కట్టి, ఆ ఇంటి గడప దాకా వెళ్ళి చేతికిచ్చేది. ఇంక నోటితో చెప్పే పని ఉండేది కాదు.

ఊపిరి ఆడే బట్టని మడతపెట్టకూడదు, దాని మీద బరువు వెయ్యకూడదు. ఎక్కడికైనా హాంగరు మీదే మోసుకుపోవాలి. ఒకసారి ఎవరింటికో వచ్చిన చుట్టం చూసుకోకుండా కుర్చీలో ఉన్న చొక్కా మీద కూర్చున్నాడట. నాలుగు వీధుల అవతల బ్యాంకు గుమాస్తా ఉక్కిరిబిక్కిరై కౌంటరు మీదికి ఒరిగిపోయాడు. చుట్టాన్ని లేపాకే ఆయన తేరుకున్నాడు. ఇప్పటికీ ఆ సంగతి నవ్వుకుంటూ చెప్పుకుంటారు.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. పెళ్ళినాటికే ఒళ్ళున్న మనిషి. పెళ్ళయిన ఏడాదే ఒకసారి, నలుగురూ భోజనాలకి కూర్చున్నప్పుడు ఆయన చొక్కా బొత్తం ఊడి ఎగిరి, ఎదురుగా ఉన్న పళ్ళెంలో పడింది. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు. చుట్టాలు వెళ్ళాక వెనక గదిలో గోడ వైపు తిరిగి పడుకుని, పిలిచినా పలకలేదు. ఆ వీపు చూసి టైలరమ్మ మనసులో ఒక నిర్ణయం చేసుకుంది. ఇంక ఈ మనిషికి బొత్తం ఊడకూడదు.

కుట్టేవాళ్ళు చొక్కా పక్క కుట్ల లోపల అంగుళమో అంగుళమున్నరో గుడ్డ వదులుతారు, తర్వాత ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి. ఆమె భర్త చొక్కాలకి రెండున్నర వదిలేది. ఆయన డ్యూటీకి వెళ్ళిన పూట నాలుగైదు నెలలకోసారి కుట్లు విప్పి, అర అంగుళం వెనక్కి జరిపి, కొత్త కుట్టు వేసి, మళ్ళీ హాంగరుకి తగిలించేది. కాలరు బొత్తం జరిపేది. ప్యాంటు హుక్కు జరిపేది. లోపలి గుడ్డ అయిపోతే చంక కింద అతుకు వేసేది, అదీ కంటికి ఆనకుండా. డిపో వాళ్ళు కొత్త యూనిఫాం గుడ్డ ఇచ్చినప్పుడు కొలత తీసుకోమని ఆయన నిలబడితే, "పాత కొలత ఉందిగా, మీరేం మారారని?" అనేది. పన్నెండేళ్ళు అలాగే గడిచాయి.

ఆయన ఆ మాట నమ్మాడు. డిపోలో ఎవరైనా వేళాకోళం చేస్తే యూనిఫాం మీద చెయ్యి వేసుకుని, "పన్నెండేళ్ళుగా ఇదే కొలత. మా ఆవిడ టైలరు, కావాలంటే అడగండి" అనేవాడు. ఆయనతో పనిచేసే కండక్టరు సరదా మనిషి. "మా అన్నకి రెండు చేతులూ ఖాళీయే వదినా, స్టీరింగు పొట్టతోనే తిప్పేస్తాడు" అనేవాడు ఇంటికి వచ్చినప్పుడు. ఆయన ఆ జోకుకీ గట్టిగానే నవ్వేవాడు.

చొక్కా మొదటిసారి ఆగింది ఒక సోమవారం మధ్యాహ్నం. ఆయన మొదటి షిఫ్టు ముగించుకుని, తిని, వెనక గదిలో పడుకున్నాడు. ఆయన రెండో చొక్కా మిషను పక్కన కడ్డీకి వేలాడుతోంది. టైలరమ్మ ఎవరిదో కర్టెను అంచు కుడుతోంది. గురక వినబడుతోంది, చొక్కా దానితో పాటు లేచి దిగుతోంది. ఉన్నట్టుండి గురక ఆగింది. ఆమె తలెత్తి చూసింది. చొక్కా నిశ్చలంగా ఉంది. పక్కనున్న బట్టలన్నీ కదులుతున్నాయి, ఆ ఒక్కటీ గోడకి కొట్టిన గుడ్డలా ఉంది. ఆమె తొక్కుడు ఆపి, నోట్లోనే లెక్కపెట్టింది. పదకొండు దగ్గర చొక్కా ఒక్క ఉదుటున ఉబ్బింది. వెనక గదిలో ఎవరో నీళ్ళలోంచి పైకి తేలినట్టు పెద్ద చప్పుడుతో గురక మొదలైంది.

ఆ పూట కర్టెను అంచు వంకరగా వచ్చింది.

తర్వాత వారం పంతొమ్మిది దాకా లెక్కపెట్టింది. ఆ పై నెల ఇరవయ్యారు. కొలతలకి వచ్చినవాళ్ళూ గమనించారు. చెయ్యి పొడుగు ఎంత ఉండాలో చెబుతున్న మనిషి మధ్యలో మాట ఆపి, కళ్ళు నేలకి దించుకుని, చొక్కా మళ్ళీ కదిలేదాకా మర్యాదగా ఆగి, తర్వాత "మోచేతి కిందికి రానివ్వండి" అని అందుకునేది. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె కూడా అనలేదు. అంటే ఏమని అనాలి? పొద్దున లేస్తూనే ఆయనకి తలనొప్పి. ఎంత పడుకున్నా కళ్ళు ఎర్రగానే ఉండేవి. బూట్లు విప్పితే పాదాల మీద మేజోళ్ళ గాట్లు సాయంత్రానికి కూడా పోయేవి కావు. కాలి బొటనవేలి పక్కన చిన్న పుండు రెండు నెలలుగా మానలేదు. ఇన్నీ చూస్తూ ఆమె మరో అర అంగుళం విప్పింది.

ఒక బుధవారం పొద్దున పది గంటలకి చొక్కా ఆగింది.

ఆగడం కొత్త కాదు. కాని అది ఆయన నిద్రలో ఉన్నప్పుడే ఆగుతుంది. పది గంటలకి ఆయన నిద్రలో ఉండకూడదు. పది గంటలకి ఆయన పెద్ద మార్కెట్టు రోడ్డు మీద, వెనక యాభై మందిని పెట్టుకుని ఉండాలి. ఆమె హాంగరు పట్టుకుని నిలబడి లెక్కపెట్టింది. పధ్నాలుగు దగ్గర కదిలింది.

ఆ సాయంత్రం ఆయన ఏమీ చెప్పలేదు. చెప్పింది మర్నాడు కండక్టరు, అదీ గుమ్మం దాటి లోపలికి రాకుండా, చేతిలో టోపీ తిప్పుకుంటూ. సిగ్నల్ దగ్గర బస్సు ఆగిందట. పచ్చ లైటు పడింది, పోయింది, మళ్ళీ పడింది. వెనక హారన్లు. కండక్టరు ముందుకి వెళ్ళి చూస్తే డ్రైవరు కళ్ళు సగం తెరిచి, గడ్డం రొమ్ముకి ఆన్చి ఉన్నాడు.

"రిపోర్టు రాయలేదు వదినా," అన్నాడు. "రాస్తే ఉద్యోగం పోతుంది. నువ్వే ఎలాగో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. నేను చెబితే జోకనుకుంటాడు. అంతా నేను చేసుకున్నదేలే, ఇన్నాళ్ళూ జోకులే చెప్పాను."

బతిమాలి, అలిగి, చివరికి కాలి పుండు సాకు చెప్పి ఆమె ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. బరువు చూసే మిషను మీద ముల్లు చివరిదాకా పోయి అక్కడ కొట్టుకుని ఆగింది. అక్కడున్న మనిషి, "ఇది మీకు సరిపోదు, దిగండి" అన్నాడు, బయట బెంచీ మీది వాళ్ళకి కూడా వినబడేలాగా. డాక్టరు తలెత్తకుండానే రాశాడు. రాస్తూ, తిండి తగ్గించమనీ, బరువు తగ్గాకే రమ్మనీ, అప్పటిదాకా తను చెయ్యగలిగింది లేదనీ చెప్పాడు. ఎలా తగ్గాలో చెప్పలేదు. నిద్ర సంగతి ఆమె ఎత్తబోతే, లావుగా ఉన్నవాళ్ళు గురక పెట్టడం మామూలే అన్నాడు.

ఇంటికొచ్చాక ఆయన వంటింట్లో నిలబడే, ఎవరో తరుముతున్నట్టు, బిస్కట్ల డబ్బా ఖాళీ చేశాడు. తర్వాత కొట్టులోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆ మిషను పాడైపోయిందోయ్," అన్నాడు. "నేను అంత బరువు ఎక్కడున్నాను? పన్నెండేళ్ళ నుంచి ఒకటే కొలత. నా బట్టలు నాకు పట్టడం లేదూ?"

టైలరమ్మ చేతిలో కత్తెర ఉంది. దాన్ని కింద పెట్టింది. కడ్డీ మీది చొక్కాని హాంగరుతో సహా దించి, ఊపిరి నలగకుండా మెల్లిగా లోపలి వైపు బయటికి తిప్పి, ఆయన ఎదురుగా పట్టుకుంది. పక్క కుట్టు వెంట, ఒకదాని పక్కన ఒకటి, విప్పిన పాత కుట్ల సూది బెజ్జాలు వరసలుగా ఉన్నాయి. చంక కింద మూడు వేళ్ళ వెడల్పు అతుకు.

"ఇది రెండేళ్ళ చొక్కా," అంది. "నాలుగుసార్లు విప్పాను. దీనికి ముందువీ అంతే."

ఆయన వేలితో ఆ బెజ్జాల వరసలు ఒక్కొక్కటీ తడిమాడు.

"ఎందుకూ?"

"మీరు గోడ వైపు తిరిగి పడుకుంటే చూడలేక."

"ఊళ్ళో అందరూ నా ఎదటే నవ్వారు," అన్నాడాయన. "నువ్వొక్కదానివే చాటున కుట్టావు."

ఆమె మంచికే చేశానని అనబోయి, అనకుండా చొక్కాని సరిగా తిప్పి మళ్ళీ కడ్డీకి తగిలించింది. ఆ చొక్కా బిగిసి ఉంటే ఆయన ఏనాడో తెలుసుకునేవాడు. తెలుసుకోనివ్వకుండా, సూదీ దారంతో, పన్నెండేళ్ళు కళ్ళకి గంతలు కట్టింది తనే.

ఆ రోజు నుంచి ఆయన మాట్లాడటం మానేశాడు. పెట్టింది తినేవాడు, వెళ్ళేవాడు, వచ్చి పడుకునేవాడు. చొక్కా ముప్ఫై దాటింది.

ఆ వారంలోనే ఆరోగ్య కేంద్రం నర్సు తన తెల్లకోట్ల కోసం వచ్చింది. డెబ్బై కిలోల బియ్యం బస్తా కూడా ఒంటిచేత్తో జరిపేలాంటి మనిషి, మాట మాత్రం మెత్తన. కోటు వేసుకు చూస్తూ పక్కనున్న చొక్కా ఆగడం గమనించింది. మిగతావాళ్ళలా కళ్ళు దించుకోలేదు. చేతి గడియారం వైపు చూస్తూ నిలబడింది.

"ముప్ఫై మూడు సెకన్లు," అంది. "ఎన్నాళ్ళ నుంచి అక్కా?"

టైలరమ్మ చేతిలోని టేపు పక్కన పెట్టి స్టూలు మీద కూర్చుంది. ఇన్నాళ్ళకి ఒకరు అడిగారు. అన్నీ చెప్పింది, కుట్లు విప్పిన సంగతితో సహా. నర్సు అడ్డం రాకుండా విని, మెడ దగ్గర కొవ్వు పేరుకుంటే నిద్రలో గొంతు దారి మూసుకుపోతుందనీ, ఊపిరి ఆగిన ప్రతిసారీ గుండె ఉలిక్కిపడి పరిగెడుతుందనీ, నిద్రలోనూ విశ్రాంతి లేని మనిషి పగలు ఎక్కడ పడితే అక్కడ ఒరిగిపోతాడనీ వివరించింది. పుండు మానడం లేదంటే షుగరు చూడాలంది. ముక్కుకి తగిలించే గాలి మిషను ఉందనీ, ఒంట్లో బరువు పదోవంతు తగ్గినా చాలా తేడా వస్తుందనీ చెప్పింది.

"తిట్టి పంపిస్తే ఎవరూ తగ్గరక్కా. సిగ్గుపడి ఇంకాస్త తింటారు. అది వాళ్ళ గుణంలో లోపం కాదు, జబ్బు. గురువారం సాయంత్రాలు మా దగ్గర కొందరు కూర్చుంటారు. చేతుల్లేని వెడల్పు కుర్చీలు వేయించాం. మిషను కూడా పెద్దదే. తీసుకురండి. కాని బస్సు మాత్రం ఈలోగా నడపనివ్వకండి."

చిరునామా కాగితం మీద రాసి ఇచ్చింది. టైలరమ్మ దాన్ని అద్దానికి అంటించింది. ఆయన చూశాడు, చూడనట్టు తల దువ్వుకున్నాడు. బస్సు సంగతి ఎత్తితే లేచి వెళ్ళిపోయాడు. గురువారం మధ్యాహ్నం షిఫ్టు నుంచి వచ్చి, తిని, పడుకున్నాడు. లేపితే లేవలేదు. ఆమె కాసేపు తలుపు దగ్గర నిలబడి, ఇంక లాభం లేదని, కడ్డీ మీది చొక్కాని దించి, హాంగరు ఎత్తి పట్టుకుని, ఒక్కతే బయల్దేరింది. దారిలో జనం ఆ చొక్కాకి తగలకుండా పక్కకి జరిగి దారి ఇచ్చారు.

కేంద్రం గదిలో ఏడుగురు గుండ్రంగా కూర్చున్నారు. అందరూ భారీ మనుషులే. పిండిమర నడిపే ఒక పెద్దావిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తను రోజూ పొద్దున మర చుట్టూ నడుస్తున్నాననీ, మొదటి రోజు మూడు చుట్లకే ఏడుపు వచ్చిందనీ, ఇప్పుడు ఇరవై తిరుగుతున్నాననీ చెబుతోంది. మధ్యలో తప్పిన వారాల గురించి కూడా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. టైలరమ్మని చూసి ఆవిడ, "మనిషి రాలేదా? చొక్కా వచ్చిందిగా, సగం వచ్చినట్టే. కూర్చో తల్లీ" అంది.

నర్సు చొక్కాని గోడ కొక్కేనికి తగిలించింది. అది నిదానంగానే కదులుతోంది. టైలరమ్మకి ఒక ఖాళీ కుర్చీ చూపించింది. గంటసేపు ఒక్కొక్కరూ తమ సంగతి చెప్పుకున్నాక తను మాట్లాడబోయింది. అప్పుడు ఆగింది.

నర్సు గడియారం చూసుకుంది. ఏడుగురూ చొక్కా వైపు తిరిగారు. ఇరవై. ముప్ఫై. "ఇంట్లో పడుకునే ఉన్నారుగా?" అని నర్సు అడిగితే, పడుకునే ఉన్నారంది టైలరమ్మ. ముప్ఫై ఎనిమిది. నలభై. ఇంతవరకు ఎన్నడూ నలభై దాటలేదు. ఆమె లేచి నిలబడింది. ఆమె వేళ్ళకి బొత్తాలు కోసే బ్లేడు చల్లదనం గుర్తుకొచ్చింది. నలభై ఆరు.

నర్సు రెండడుగుల్లో గోడ దగ్గరికి వెళ్ళి, కాలరు కింద రెండు వేళ్ళు పెట్టి పైకి ఎత్తింది. స్పృహ లేని మనిషి గడ్డం ఎత్తి దారి తెరిచినట్టు, అంతే నెమ్మదిగా, అంతే గట్టిగా. ఎత్తి పట్టుకుంది.

చొక్కా రొమ్ము నిండా ఊపిరి తీసుకుంది. అతుకు వేసిన చోట కుట్టు ఒకటి పుటుక్కున తెగింది. తర్వాత ఊపిరి ఆగలేదు గాని నెమ్మదించలేదు. వేగంగా, మెట్లు ఎక్కి దిగే మనిషిలాగా కొట్టుకుంటూనే ఉంది.

"ఇది నిద్రలో ఉన్న ఊపిరి కాదక్కా," అంది నర్సు.

గంట తర్వాత తలుపు తెరుచుకుని ఆయన వచ్చాడు. ఒంటి మీద యూనిఫాం. వెనకాల కండక్టరు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. టైలరమ్మ అటు వెళ్ళగానే ఆయనకి ఇంట్లో ఉండబుద్ధి కాలేదట. లేచి డిపోకి వెళ్ళి, రాని డ్రైవరు బదులు రెండో షిఫ్టు అందుకున్నాడు. మిగతాది కండక్టరు చెప్పాడు. నది వంతెన మీద బస్సు నెమ్మదిగా పక్కకి జరిగిపోవడం మొదలుపెట్టింది. అతను టిక్కెట్లు కొడుతూ బస్సు వెనకవైపు ఉన్నాడు. కేకేసేలోపల డ్రైవరు తల ఎవరో కింది నుంచి తోసినట్టు ఒక్కసారి పైకి లేచింది, బ్రేకు పడింది. దిగి చూస్తే బస్సు ముక్కుకీ వంతెన కమ్మీకీ మధ్య చెయ్యి పట్టేంత జాగా ఉంది. అప్పుడు జనాన్ని వేరే బస్సు ఎక్కించి, డిపోకి కబురు చేసి, ఉన్నదున్నట్టు రిపోర్టు రాశానన్నాడు.

డ్రైవరు అదేమీ వినడం లేదు. అద్దం మీంచి తీసి నాలుగు మడతలు పెట్టుకున్న చిరునామా కాగితం చేతిలో పట్టుకుని, ఏడుగురి ముఖాలూ ఒక్కొక్కటే చూస్తున్నాడు.

"నా గడ్డం ఎత్తింది ఎవరు?" అని అడిగాడు.

నర్సు చెయ్యి ఎత్తింది. ఆయన వచ్చి ఆమె ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. పక్కలు ఒరుసుకోకుండా కుర్చీలో పట్టడం ఆయనకి ఎన్నేళ్ళ తర్వాతో. అది తెలిసినట్టు కుర్చీ అంచులు రెండు చేతులతో తడిమి చూసుకున్నాడు. చెమట పట్టిన ముఖం బూడిద రంగులో ఉంది.

"ఉద్యోగం పోయినట్టేనమ్మా," అన్నాడు.

"తెలీదు," అంది నర్సు. "ముందు పరీక్షలు చేద్దాం. నిద్ర, షుగరు, గుండె. ఎంత దూరం వెళ్ళిందో నాకింకా తెలీదు. మంచి మాటే చెబుతానని మాటివ్వలేను."

ఆయన తల ఊపాడు. పిండిమర ఆవిడ తన కుర్చీని కాస్త ఆయన వైపు జరుపుకుంది. ఆయన భార్య వైపు చూశాడు. అన్ని రోజుల తర్వాత చూడటం అదే.

"బరువు ఎంతో నువ్వు పైకి చదువు," అన్నాడు. "నువ్వే చదవాలి. తగ్గించకుండా."

చదువుతానంది.

"కాని ముందు కాసేపు నిద్రపోనిస్తారా?" అని నర్సుని అడిగాడు. "నిద్రపోయి ఎన్నేళ్ళయిందో కూడా తెలీదు. ఆ చెయ్యి అలా ఉంచితే..."

నర్సు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ఈసారి మనిషి గడ్డం కిందే రెండు వేళ్ళు ఆన్చింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. గదిలో ఎవరూ కుర్చీ కూడా కదపలేదు. ఆ ఏడుగురూ, కండక్టరూ, గోడ మీది చొక్కా వైపే చూస్తున్నారు. టైలరమ్మ అలవాటు కొద్దీ లెక్క మొదలుపెట్టింది. మూడు అనేలోపల గుడ్డ లేచేది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. బయట వెలుతురు తగ్గుతోంది, నర్సు వేళ్ళు వణకడం మొదలైంది, చెయ్యి మార్చుకోవాలి. మార్చుకునే ఆ క్షణం కోసం టైలరమ్మ తన చెయ్యి ముందుగానే చాచి ఉంచింది.